మట్టి లేకుండా పార్సిల్లో వచ్చే పండ్ల మొక్కలు: ఏవి తెప్పించుకోవచ్చు, వచ్చాక ఏం చేయాలి

పార్సిల్లో మొక్క తెప్పించే ముందు అది చలికి ఆకు రాల్చేదా, ఏడాదంతా పచ్చగా ఉండేదా చూసుకోండి. అంజూర, మల్బరీ, ద్రాక్ష, యాపిల్, పీచ్ ఆకు రాల్చే రకాలు. ఆకు రాలాక తవ్వి, వేర్ల మట్టి దులిపి, తడి పీచు చుట్టి పంపినా ఇవి వారం పది రోజులు తట్టుకుంటాయి. ఆకు లేదు కాబట్టి ఒంట్లో నీరు ఆవిరైపోదు. మామిడి, పనస, జీడి, సపోటా, నిమ్మ అలా కాదు. వీటిని మట్టి దులిపి పంపుతామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి. విజయనగరం వాళ్లకు మామిడి అంట్లు, పలాస వాళ్లకు జీడి అంట్లు దగ్గర్లోనే మట్టి సంచులతో దొరుకుతుంటే పార్సిల్ ఎందుకు?

అసలు వేర్లే లేకుండా ప్రయాణం చేసేవి కొన్ని ఉన్నాయి. డ్రాగన్ ఫ్రూట్ ముక్కలు, అనాస పిలకలు, కంద, పసుపు దుంపలు పార్సిల్‌కి బాగా అనువు. అనాస కోసం మాత్రం దూరం చూడనక్కర్లేదు, సీతంపేట ఏజెన్సీలో పండేదే. అరటి పిలకల్ని పార్సిల్లో కొనకపోవడమే మంచిది. అరటిని గిడసబార్చే బంచీ టాప్ వైరస్ పిలకలో పైకి కనిపించదు, మొక్క ఎదిగాక గానీ బయటపడదు. అరటి కావాలంటే టిష్యూ కల్చర్ (ల్యాబులో పెంచిన) మొక్కలు తెచ్చుకోండి.

యాపిల్ గురించి ఒక మాట. యాపిల్ రకాలు చాలావాటికి చలికాలంలో 7 డిగ్రీలకు దిగువన వందల గంటలు కావాలి. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆ చలి ఉండదు. తక్కువ చలితో కాస్తాయని పేరున్న రకాలు ‘అన్నా’, డోర్సెట్ గోల్డెన్, హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తీసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99. ‘అన్నా’ రకం వేస్తే పరాగం కోసం పక్కన డోర్సెట్ గోల్డెన్ ఉండాలి. సరదాకి రెండు మూడు వేసుకోండి గానీ, ఎకరాలకి ఎకరాలు వేసి ఆదాయం మీద ఆశ పెట్టుకోకండి. అంజూర, మల్బరీ మీద పెట్టిన డబ్బుకే ఇక్కడ ఎక్కువ భరోసా.

ఉత్తరాది నర్సరీలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మొక్కలు తవ్వి పంపుతాయి. మనకు ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది కాబట్టి డిసెంబరులోనో, జనవరి మూడో వారం తర్వాతో అందేలా అడగండి. సంక్రాంతి వారంలో మాత్రం వద్దు. మూడు నాలుగు రోజులు పార్సిల్ గోదాములో పడి ఉంటే వేర్లు ఎండిపోతాయి. సోమవారం పంపమంటే ఆదివారం సెలవు ఒక్కటైనా తప్పుతుంది. ఊరికి కొరియర్ రాకపోతే పట్టణంలో తెలిసినవాళ్ల చిరునామా ఇవ్వండి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి: ఏ రోజు తవ్వారు, అంటు ఏ వేరు మొక్క (కింద వేర్లనిచ్చే మొక్క) మీద కట్టారు, కాండం ఎంత లావు, చచ్చిపోతే బదులు ఇస్తారా. ఆరడుగుల సన్న పుల్లకన్నా, వేర్లు గుబురుగా ఉండి బొటనవేలు లావున్న మూడడుగుల మొక్క మేలు. జాతీయ ఉద్యాన బోర్డు గుర్తింపు ఉన్న నర్సరీ అయితే ఇంకా మంచిది.

పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీసుకోండి. తర్వాత కాండం మీద గోటితో చిన్న గీత గీయండి. లోపల పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి గీసి చూడండి. వేరు చివర కత్తిరిస్తే లోపల తెల్లగానో మీగడ రంగులోనో ఉండాలి. నల్లగా, జిగటగా, వాసన వేస్తుంటే కుళ్లినట్టు. మల్బరీ వేర్లు పసుపూ నారింజా కలిసిన రంగులో ఉంటాయి, అది రోగమనుకొని పారేయకండి. సన్న వేర్ల మీద పూసల్లా బొడిపెలుంటే నులిపురుగు, వేరు మొదట్లో గరుకైన పెద్ద గడ్డ ఉంటే క్రౌన్ గాల్ అనే తెగులు. ఆ రెండూ మీ మట్టిలోకి దిగితే వదలవు, అలాంటి మొక్కను కాల్చేయండి. సంచి మొక్కలో ఇవి మట్టి చాటున దాగి వస్తాయి, ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లాభం వేరును కళ్లారా చూడగలగడమే.

విరిగిన వేర్లు శుభ్రంగా కత్తిరించి, మొక్కను రెండు నుంచి నాలుగు గంటలు బకెట్ నీళ్లలో ఉంచండి. రోజుల తరబడి నానబెడితే వేరుకు గాలి అందక చస్తుంది. నాటే ముందు వేర్లను కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపిన నీళ్లలో (లీటరుకు 3 గ్రాములు) ముంచండి. ఆ రోజే నాటలేకపోతే నీడలో తడి ఇసుకలో వేర్లు కప్పి పెట్టండి.

బోరు నీళ్లు ఖాయంగా ఉంటే నేరుగా పొలంలో నాటవచ్చు. లేకపోతే అడుగు వెడల్పు, అడుగుంపావు లోతున్న గ్రో బ్యాగులో నాటి, 50 శాతం షేడ్‌నెట్ కింద ఎండాకాలం దాటించి, మృగశిర వానలు పడ్డాక పొలంలోకి దించండి. మన ఎండకు ఇదే క్షేమం. బ్యాగులోకి రెండు వంతుల ఎర్రమట్టి, వంతు ఇసుక, వంతు బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు), గుప్పెడు వేపపిండి. పచ్చి గత్తం వేరుకు తగిలితే మాడ్చేస్తుంది, పైగా చెదల్ని పిలుస్తుంది.

పొలంలో గొయ్యి రెండడుగుల చదరం, రెండడుగుల లోతు. అడుగున మట్టిని చిన్న గుట్టలా చేసి దాని మీద వేర్లను నాలుగు వైపులా పరిచి కూర్చోబెట్టండి. అంటు అతుకు నేలకు రెండు మూడు అంగుళాలు పైనే ఉండాలి. మట్టి సగం పోసి కాలితో మెల్లగా అదమండి, ఓ బకెట్ నీళ్లు పోయండి, మిగతా మట్టి వేసి మళ్లీ తడపండి. వేరు చుట్టూ గాలి ఖాళీలు మిగిలితే మొక్క ఎండిపోతుంది. తర్వాత కాండాన్ని మూడో వంతు కత్తిరించండి. తవ్వేటప్పుడు వేర్లు తెగిన మొక్క అంత పైభాగాన్ని మోయలేదు.

ఎక్కువ మంది మొక్కల్ని చంపుకునేది ఆ తర్వాత. చిగురు రావడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆకు లేని మొక్క పెద్దగా నీరు తాగదు, రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు రెండు అంగుళాలు దింపి పొడిగా తగిలితేనే పోయండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇసుక నేలలో తొందరగా ఆరుతుంది, అక్కడ పాదు చుట్టూ కొబ్బరి పీచు మూడంగుళాలు పరచండి. విజయనగరం ఎర్ర నేలల్లో చెదల బెడద, పరిచింది కాండానికి జానెడు దూరంలో ఆపండి. అతుకు కిందనుంచి వచ్చే చిగుళ్లను వెంటనే గిల్లేయాలి, లేకపోతే అంటు చచ్చి వేరు మొక్కే మిగులుతుంది. అతుకు టేపును రెండు మూడు నెలలకు కోసి తీసేయండి.

జూన్‌లో దించిన మొక్కకు తుఫాన్ల నాటికి వేరు ఇంకా పట్టుకోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకు ఉద్దానంలో ముదురు కొబ్బరి చెట్లే కూలాయి. సెప్టెంబరు లోపే రెండు వైపులా వెదురు కర్రలు పాతి, మధ్యలో మెత్తటి గుడ్డ పీలికతో వదులుగా ఎనిమిది అంకెలా కట్టండి. బిగించి కట్టిన నైలాన్ తాడు గాలికి బెరడును కోసేస్తుంది.