ఆలుమగలే ఎదురెదురు లాయర్లైతే: నెల్లూరు నేపథ్యంలో కోర్టు థ్రిల్లర్ రాయడం ఎలా?

భర్త ప్రాసిక్యూషన్ వైపు, భార్య ముద్దాయి వైపు. ఈ ఒక్క లైను వినగానే ఎవరికైనా కథ చదవాలనిపిస్తుంది. కానీ రాయడానికి కూర్చున్నాక చాలామంది కోర్టు హాల్లో అరుపులతో మొదలుపెట్టి, నాలుగో అధ్యాయానికే ఆగిపోతారు. ఈ కథకు ప్రాణం ఇంట్లో ఉంటుంది. ఒకరికి తెలిసి, రెండోవారికి చెప్పకూడని సంగతి ఒకటి ఆ ఇంట్లో తిరుగుతుండాలి. దాన్ని ముందు తయారు చేసుకుంటే మిగతా కథంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

ముందు కేసు, తర్వాతే మనుషులు

కేసును మన నేల నుంచే తీయండి. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు చూసినవాళ్లకు తెలుసు, అక్కడ ఎంత డబ్బు, ఎంత అప్పు, ఎంత భయం ఉంటాయో. భూమి ఒకరిది, లీజు ఇంకొకరిది, మేత అప్పు ఇచ్చిన డీలరు మరొకరు. రాత్రంతా గట్టు మీద ఉండే కాపలా మనిషి ఒక్కడే. ఆ కాపలా మనిషి తెల్లారేసరికి చెరువులో శవమై తేలాడనుకోండి. లీజుదారు మీద హత్య కేసు.

ఇక్కడ సైన్సే మీకు సగం ప్లాటు రాసిపెడుతుంది. నీళ్లకు ఆక్సిజన్ అందాలని చెరువుల్లో రాత్రిపూట ఏరియేటర్లు (నీళ్లను చిలికే యంత్రాలు) తిప్పుతారు, కరెంటు పోతే జనరేటర్ వేస్తారు. కేబుల్ ఎక్కడైనా తెగితే నీళ్లలోకి కరెంటు వస్తుంది. నీళ్లలో షాక్ కొట్టి చనిపోతే ఒంటి మీద కాలిన గుర్తు లేకపోవచ్చు కూడా. అది ప్రమాదమా, మునకా, ఎవరైనా తోసేశారా అన్నది పోస్టుమార్టంతో తేలకపోవచ్చు. డయాటమ్ పరీక్ష అని ఒకటుంది. నీళ్లలో ఉండే కంటికి కనపడని నాచు జీవులు, మునిగేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి ఎముక మజ్జలోకి చేరతాయి. చెరువులో ఉప్పునీటివి దొరకాల్సిన చోట పెన్న కాలువ మంచినీటివి దొరికితే? మనిషి చనిపోయింది ఒకచోట, తేలింది ఇంకోచోట. ఈ మలుపు మీ నవలకు నడుము.

ప్రకాశం జిల్లా వాళ్లయితే చీమకుర్తి గ్రానైట్ క్వారీలను వాడుకోవచ్చు. అసైన్డ్ భూములైతే రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. పేదలకు పట్టా ఇచ్చిన భూమి చేతులు మారకూడదని 1977 చట్టం చెబుతుంది. దానికి 2023లో సవరణ వచ్చింది. కాబట్టి కథ ఏ ఏడాది జరుగుతుందో ముందే తేల్చుకోండి.

హత్య సెక్షన్‌కూ ఈ జాగ్రత్త తప్పదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే ఐపీసీ 302, ఆ రోజు నుంచి అయితే భారతీయ న్యాయ సంహిత 103. ఇది తప్పు రాస్తే కోర్టు తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఇద్దరూ ఎందుకు తప్పుకోలేదు?

మీ పాఠకుడు మొదట అడిగే ప్రశ్న ఇదే. జవాబు బలంగా లేకపోతే కథ నిలబడదు.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం జడ్జి స్థానంలో భర్తో, భార్యో, దగ్గరి బంధువో ఉంటే ఆ కోర్టులో లాయరు వాదించకూడదు. ఎదుటి పక్షం లాయరుగా జీవిత భాగస్వామి ఉంటే తప్పుకోవాలని మాత్రం అందులో సూటిగా లేదు. చిన్న ఊళ్లలో మామూలుగా ఎవరో ఒకరు వకాలత్ వదులుకుంటారు. మీ కథలో వదులుకోకపోవడానికి కారణం కావాలి.

సెషన్స్ కోర్టులో ప్రాసిక్యూషన్ నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటరే (పీపీ). కనీసం 7 ఏళ్లు ప్రాక్టీసు చేసిన లాయర్ల నుంచి ప్రభుత్వం పీపీని నియమిస్తుంది. మీ కథలో భర్త ఆ కోర్టుకు పీపీ, కేసు నడపడం ఆయన డ్యూటీ. భార్య దగ్గరికి ముద్దాయి తల్లి వచ్చి కాళ్లమీద పడింది, ఊళ్లో ఇంకెవరూ ఆ కేసు పట్టలేదు. ఇలాంటి కారణమైతే సరిపోతుంది. ఫీజు కోసమని రాస్తే ఆమె మీద పాఠకుడికి గౌరవం పోతుంది.

చనిపోయినవాడి తమ్ముడికి ఈ సంగతి తెలిస్తే ఊరుకోడు గదా. స్పెషల్ పీపీని వేయమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటాడు, లేదా కోర్టు అనుమతితో ప్రాసిక్యూషన్‌కు సాయంగా సొంత లాయర్ని పెట్టుకుంటాడు. చట్టంలో రెండు దారులూ ఉన్నాయి. ఆ సొంత లాయరు పాత్ర చాలా పనికొస్తుంది. ఆలుమగలిద్దరినీ అనుమానంగా చూసే కన్ను అతనిదే.

రహస్యాన్ని చట్టం మధ్యలో పెట్టండి

నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఈ అడుగు మీదే.

భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల కొత్త చట్టం) సెక్షన్ 132 ప్రకారం క్లయింటు చెప్పిన మాట, అతను ఒప్పుకుంటే తప్ప, లాయరు బయటపెట్టకూడదు. ఈ కట్టుబాటు లాయరు గుమాస్తాకు కూడా వర్తిస్తుంది. సెక్షన్ 128 ప్రకారం భార్యాభర్తలు కాపురంలో ఒకరికొకరు చెప్పుకున్న మాటను కోర్టులో చెప్పమని బలవంతపెట్టకూడదు. చెప్పినవారి అనుమతి లేకుండా చెప్పనివ్వకూడదు కూడా. ఆలుమగల మధ్యే దావా నడిస్తేనో, ఒకరి మీద ఒకరు చేసిన నేరం విచారణకు వస్తేనో మినహాయింపు.

ఇప్పుడు రెండింటినీ కలపండి. అర్ధరాత్రి ఆమె నిద్ర పట్టక, నోరు జారి, "ఆ రాత్రి జనరేటర్ వేసింది మా వాడు కాదు" అనేసింది. ఆమె క్లయింటు నమ్మకాన్ని పోగొట్టుకుంది. ఆయన ఆ మాట కోర్టులో చెప్పలేడు. కానీ మర్నాడు దర్యాప్తు అధికారితో "ఆ జనరేటర్ ఒకసారి చూడండి" అనొచ్చు కదా? చట్టం నోటికి తాళం వేసింది, కళ్లు మూయలేదు. ఆయన ఆ ఒక్క ఫోన్ చేస్తాడా, చేయడా? నవల మొత్తం ఈ ప్రశ్న మీద నడవగలదు.

గుమాస్తాను మరిచిపోకండి. నెల్లూరులో చాలామంది లాయర్ల ఆఫీసు ఇంటి ముందు గదిలోనే. పెళ్లైన కొత్తలో ఇద్దరికీ కలిపి ఒకే గుమాస్తా ఉండేవాడు, ఇప్పటికీ ఇద్దరి బీరువాల తాళాలూ అతని దగ్గరే ఉన్నాయి. అంతకంటే ప్రమాదమైన పాత్రను మీరు వెతుక్కోనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో ఒక కేసు ఆధారాలు దొంగతనానికి గురైతే, ఆ ఏడాదే హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ కేసును మీ కథలోకి లాగొద్దు. కాగితం ఎవరి చేతిలో ఉందన్నది ఎంత పెద్ద విషయమో మాత్రం గుర్తుంచుకోండి.

వాయిదాలను అధ్యాయాలుగా వాడండి

కేసు నడక తెలియాలి: ఎఫ్ఐఆర్, శవ పంచనామా, రిమాండు, ఛార్జిషీటు. హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే ముద్దాయికి బెయిల్ హక్కుగా వస్తుంది. మేజిస్ట్రేటు కోర్టులో పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరుతో ఉన్న కేసు కమిట్ అయ్యి, అంటే పై కోర్టుకు వెళ్లి, సెషన్స్‌లో ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు వేసుకుంటుంది. ఆ తర్వాత సాక్షులు. ఇదంతా రెండు పేజీల్లో దాటేయండి.

చీఫ్‌కూ (సాక్షిని పిలిచిన లాయరు అడిగేది) క్రాస్‌కూ (ఎదుటి లాయరు అడిగేది) మధ్య పడే వాయిదా దగ్గర మాత్రం ఆగండి. సాక్షి సగం చెప్పాడు, మిగతాది వారం తర్వాత. ఆ వారమంతా ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? ఇంటి సీన్లన్నీ ఈ ఖాళీల్లోనే రాయండి.

కోర్టు హాలును ఉన్నదున్నట్టు చూపించండి

మనకు జ్యూరీ లేదు. సుత్తితో బల్ల బాదే జడ్జీ లేడు. జడ్జి సాక్షి మాట విని టైపిస్టుకు డిక్టేట్ చేస్తుంటారు. ఛార్జిషీటులోని సాక్ష్యాల కాపీలన్నీ ముద్దాయికి ముందే ఇస్తారు, కాబట్టి ఆఖరి నిమిషంలో తలుపు తోసుకొచ్చే సాక్షి నమ్మదగ్గట్టు ఉండడు. పోలీసులకు చెప్పినదానికీ, బోనులో చెప్పినదానికీ తేడా పట్టుకోవడంలోనే డిఫెన్స్ లాయరు బలం:

"ఆ రాత్రి కరెంటు ఉండిందా?"

"ఉండింది మేడమ్. లైట్లు ఎలగతానే ఉండాయి."

"కరెంటు పోయిందని పోలీసులకు చెప్పావు గదా?"

"నేనట్టా చెప్పలా."

ఆమె ఇంకేమీ అడగదు. కూర్చుంటుంది. ఆ రాత్రి ఇంట్లో ఆయన అడుగుతాడు.

"జనరేటర్ సంగతి నీకు ముందే తెలుసు గదా?"

"చేపల పులుసు చల్లారిపోతా ఉంది. తిను."

లా కాలేజీలో క్లాస్‌మేట్లు కాబట్టి ఇంట్లో నువ్వు, నువ్వు. కోర్టులో ఆమె నోట "పీపీ గారు" అనే వస్తుంది. ఈ తేడాను ఎక్కడా వివరించకండి, వాళ్లను మాట్లాడనివ్వండి.

రాసే ముందు ఒంగోలు, నెల్లూరు, కావలి, ఏ కోర్టుకైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. మామూలు విచారణలు ఎవరైనా చూడొచ్చు. ఫోన్ ఆపేయండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో తీర్పులు చదవండి. జడ్జి ఏ సాక్షిని ఎందుకు నమ్మలేదో రాసిన పేరాలు మీకు పెద్ద పాఠం. నిజం మనుషుల పేర్లు మాత్రం వాడుకోకండి.

ముగింపు తీర్పుతో ఆపకండి

ఆమె గెలిచి, ముద్దాయి విడుదలైతే అక్కడ "సమాప్తం" వేయాలనిపిస్తుంది. ఇంకొక్క మెట్టు ఉంది. సెషన్స్ కోర్టు నిర్దోషి అని వదిలేస్తే, ప్రభుత్వం హైకోర్టులో అప్పీలు వేయొచ్చు. గడువు 90 రోజులు. అప్పీలుకు తగిన కేసా, కాదా అని పీపీ తన అభిప్రాయం రాసి పంపాలి. అంటే భార్య గెలిచిన కేసును అమరావతికి పంపాలా వద్దా అని భర్త సంతకం పెట్టాలి. జనరేటర్ వేసింది ముద్దాయి కాదని అతనికి తెలుసు, ఆ సంగతి ఎక్కడి నుంచి తెలిసిందో ఆమెకు తెలుసు. చివరి అధ్యాయం ఆ అభిప్రాయ పత్రం మొదటి వాక్యంతో మొదలుపెట్టండి. అతను ఏం రాశాడో మీరు ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు మొదటి అధ్యాయాన్ని మళ్లీ రాయండి.