ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోతే: అనంతపురం కారు యజమాని ఫిర్యాదును ఎలా నడపాలి

కారు ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద, కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్నట్టు కనిపించే ఎర్ర గుర్తు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆ కాసేపట్లో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ తన వైర్లనూ సెన్సర్లనూ సీటు బెల్టు బకిల్‌లనూ పరీక్షించుకుంటుంది. ఆ తర్వాత కూడా లైటు వెలుగుతూనే ఉన్నా, నడుస్తుండగా మధ్యలో వెలిగినా, మిణుకుమిణుకుమంటున్నా, అసలు మొదట్లోనే వెలగకపోయినా వ్యవస్థలో లోపం ఉందనే అనుకోవాలి. లోపం ఉన్నంత కాలం ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు. ఇంజనూ బ్రేకులూ ఏసీ అన్నీ మామూలుగానే పనిచేస్తుంటాయి కనుక చాలామంది ఈ లైటును నెలల తరబడి పట్టించుకోరు. అనంతపురం దాటగానే బెంగళూరు వైపుకో కర్నూలు వైపుకో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేగం పెంచే మనకు ఆ నిర్లక్ష్యం తగదు.

ముందుగా స్పష్టం చేసుకోవలసింది, ఈ లైటుకూ రీకాల్‌కూ, అంటే తయారీలో లోపమున్న కార్లను సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిపించడానికీ, నేరుగా సంబంధం లేదని. రీకాల్ ఏదీ లేని కారులోనూ వదులైన ఒక కనెక్టరు వల్ల లైటు వెలగవచ్చు. లైటు చక్కగా ఆరిపోయే కారు రీకాల్ జాబితాలో ఉండవచ్చు. జపాన్‌కు చెందిన టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లు, అంటే ఎయిర్‌బ్యాగును ఉబ్బించే పరికరాలు, దీనికి పెద్ద ఉదాహరణ. బ్యాగును నింపే వాయువు కోసం వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేటు, ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై పాడైపోయి, ప్రమాద సమయంలో అదుపు తప్పి పేలేది. ఆ పేలుడుకు లోహపు పెంకు ముక్కలై, కాపాడవలసిన మనిషి మీదికే దూసుకొచ్చేది. రసాయనం పాడైన సంగతి విద్యుత్ పరీక్షకు అందదు కాబట్టి లైటు హెచ్చరించే వీలు లేదు. ప్రపంచవ్యాప్తంగా కోట్ల కార్లను వెనక్కి పిలిపించిన ఆ వ్యవహారం 2017లో కంపెనీని దివాలాకు చేర్చింది. అందుకే లైటు వెలిగినా వెలగకపోయినా రీకాల్ వివరాలు విడిగా చూసుకోవాలి.

లైటు ఆరడం లేదని గమనించిన రోజే సెల్‌ఫోనుతో ఒక వీడియో తీయండి. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టి, ఆన్ చేసి, లైటుతో పాటు తిరిగిన కిలోమీటర్ల అంకె కూడా కనబడేలా అర నిమిషం ఆపకుండా తీస్తే చాలు. వచ్చిపోయే లోపాలు సర్వీస్ సెంటర్‌కు వెళ్లేసరికి మాయమవుతుంటాయి. అప్పుడు మీ మాటకు ఆధారం ఆ వీడియోనే. లైటు వెలగడానికి ముందు ఏం జరిగిందో కూడా రాసి పెట్టుకోండి. కారు లోపల నీళ్లు పోసి కడిగించారా, సీటు ముందుకు వెనక్కు జరిపారా, బ్యాటరీ దిగిపోయిందా, కొత్త సీటు కవర్లు వేయించారా, ఎలుకలు వైర్లు కొరికిన జాడ ఉందా అన్నవి మెకానిక్‌కు దారి చూపిస్తాయి. ముందు సీట్ల కింద ఉండే పసుపు రంగు కనెక్టర్లలోకి నీరు, దుమ్ము చేరడం తరచుగా కనిపించే కారణం. లైటుతో పాటు హారన్ గానీ, స్టీరింగ్ మీది మీటలు గానీ పనిచేయకపోతే స్టీరింగ్ లోపల చుట్టలా తిరిగే క్లాక్ స్ప్రింగ్ కేబుల్ తెగి ఉండవచ్చు.

ఇంతవరకే మన పని. పసుపు కనెక్టర్లను సొంతంగా ఊడదీయవద్దు, మల్టీమీటరు పెట్టి చూడవద్దు, తెలిసిన మెకానిక్ చేత కూడా అలా చేయించవద్దు. మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీసేసినా కంట్రోల్ యూనిట్‌లో కొన్ని నిమిషాల పాటు కరెంటు నిలిచి ఉంటుంది కనుక శిక్షణ పొందినవాళ్లు కూడా కాసేపు ఆగాకే చేయి పెడతారు. కారు తన లోపాలను కోడ్‌ల రూపంలో నమోదు చేసుకుంటుంది. వాటిని చదివే చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లకే పరిమితం. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు వాటికి అందకపోవచ్చు. ఇక కోడ్ చెరిపేసి లైటు ఆర్పించడం, బ్యాగు ఉండవలసిన చోట చిన్న రెసిస్టరు బిగించి కంట్రోల్ యూనిట్‌ను మభ్యపెట్టడం మరమ్మతు అనిపించుకోవు. కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగే బండికి ఇంతకంటే అన్యాయం మరొకటి లేదు.

సర్వీస్ సెంటర్‌లో అసలు పట్టుదల జాబ్‌కార్డు దగ్గర, అంటే మీ ఫిర్యాదు రాసుకుని మీ సంతకం తీసుకునే కాగితం దగ్గర చూపాలి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం పెట్టకండి. ‘ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైటు ఫలానా తేదీ నుంచి వెలుగుతూ ఉంది, వీడియో చూపించాం’ అని మీ మాటల్లోనే రాయించండి. స్కాన్ చేశాక వచ్చిన కోడ్‌ల ప్రింటు అడగండి. అవి ప్రస్తుతం ఉన్న లోపానివా, గతంలో నమోదై మిగిలినవా అన్నది అందులో ఉండేలా చూడండి. లోపమేదీ లేదని బండి తిరిగి ఇచ్చేస్తుంటే ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమనండి. అదే ఫిర్యాదుతో మళ్లీ వెళ్లవలసి వస్తే, ప్రతిసారీ కొత్త జాబ్‌కార్డు తెరిపించాలి. వాటి వరుస చూస్తేనే లోపం తీరలేదన్న సంగతి తర్వాత ఎవరికైనా అర్థమవుతుంది. ముందు బంపరుకు గార్డు బిగించి ఉంటే వెళ్లేముందే తీయించండి. అలాంటి గార్డులు సెన్సర్ల పనికి అడ్డు రావచ్చు, కేంద్ర రవాణా శాఖ కూడా 2017లోనే వాటిని వద్దంది. కంపెనీకి తప్పించుకునే సాకు మనమే ఇచ్చినట్లు కాకూడదు.

రీకాల్ చూసుకోవడానికి ఆర్‌సీలో ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరు కావాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు కాబట్టి ఓ లాగా కనిపించేది సున్నా అని గుర్తుంచుకుని, కంపెనీ వెబ్‌సైటులోని రీకాల్ పేజీలో నమోదు చేయండి. మన పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో తయారయ్యే కారెన్స్ కార్లు 44,174 వరకు 2022 అక్టోబరులో రీకాల్ అయ్యాయి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి వాటిని పిలిపించారు. 2023 జనవరిలో మారుతి సుజుకి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మార్చడానికి 17,362 కార్లను పిలిపించి, ఆ భాగం మార్చేవరకు బండి నడపవద్దని యజమానులను కోరింది. ఇటువంటి పనికి డబ్బు కట్టనవసరం లేదు, వారంటీ ముగిసిందన్న మాట ఇక్కడ చెల్లదు.

బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్ కార్లు తెచ్చుకునేవాళ్లు మన జిల్లాలో ఎక్కువ. రీకాల్ కబురు కంపెనీ రికార్డులో ఉన్న పాత యజమాని ఫోనుకే వెళుతుంది, కాబట్టి ఆర్‌సీ మీ పేరుకు మారగానే కంపెనీ కస్టమర్ కేర్‌లో కూడా మీ పేరూ నంబరూ ఎక్కించుకోండి. కొనేముందు ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ లైటు వెలిగి ఆరుతోందో లేదో చూడండి. వెలగనే లేదంటే, ఒకసారి పేలిన బ్యాగులు మార్చకుండా లైటును తీసేశారేమోనని అనుమానించి, స్టీరింగ్ మధ్య మూతనూ ఎడమవైపు డ్యాష్‌బోర్డు అతుకులనూ పరిశీలించండి.

సర్వీస్ సెంటర్‌లో పని జరగకపోతే జాబ్‌కార్డులు, కోడ్‌ల ప్రింటు, వీడియో జతచేసి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. అదే మోడల్ కార్లన్నిటిలో ఉండదగిన లోపమని తోస్తే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో కూడా నమోదు చేయాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, తయారై 7 ఏళ్లు దాటని వాహనాలపై నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు చేరితే ప్రభుత్వమే విచారణ జరిపి రీకాల్‌కు ఆదేశించగలదు. మీ ఒక్క ఫిర్యాదుతో మీ కారు బాగుపడకపోవచ్చు గానీ, ఆ లెక్కలో అదీ చేరుతుంది.

సొంత నష్టానికి దారి వేరు. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కంపెనీతో మాట్లాడుతుంది, తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. కారు ఎక్కడ కొన్నా, మీరు నివసించే చోటే కేసు వేసే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. ప్రమాదంలో బ్యాగులు తెరుచుకోని ఒక కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హ్యుందాయ్ అప్పీలును కొట్టివేస్తూ, ఢీకొన్న వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడిగా ఉండమని వినియోగదారుణ్ణి అడగలేమన్నది. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400 రూపాయలు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు దాఖలు చేయాలి కాబట్టి, సర్వీస్ సెంటర్ చెప్పే వాయిదాల్లో ఆ గడువు కరిగిపోకుండా మొదటి జాబ్‌కార్డు తేదీని లెక్కలో ఉంచుకోండి.