మాటల వేర్లు – 6వ పాఠం: ‘గ్లామర్’ అంటే కనికట్టు

పోయిన పాఠంలో స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1789లో రాసిన కవితలోని ఒక ముక్క ఇచ్చి, అందులో ‘గ్లామర్’కి అర్థం రాయమన్నాను. చాలామంది ‘అందం’ అని రాశారు. అందుకే ఈసారి కొత్త మాట ఎత్తుకోవడం లేదు.

పుట్టుక సంగతి తేలికే. ‘గ్రామర్’ స్కాట్లండ్ వాళ్ల నోట ‘గ్లామర్’ అయింది. మధ్యయుగాల యూరప్‌లో గ్రామర్ అంటే లాటిన్ చదువు. అంత చదివినవాడికి మంత్రాలూ వచ్చే ఉంటాయని జనం నమ్మేవాళ్లు. ఒకే మాటలో రెండు ‘ర’లుంటే ఒకటి ‘ల’ కావడం మామూలే. లాటిన్ ‘పెరెగ్రీనుస్’ ‘పిల్‌గ్రిమ్’ అయింది, ‘పుర్పురా’ ‘పర్పుల్’ అయింది, ‘మార్మొర్’ ‘మార్బుల్’ అయింది.

ఇక నన్ను బాగా బాధపెట్టే తప్పు: ఇవాళ్టి అర్థాన్ని పాత వాక్యంలో కుక్కడం. బర్న్స్ ముక్క మళ్లీ చదవండి. గ్లామర్‌తో బతికే జిప్సీ ముఠా, నరకపు నల్ల గ్రామర్ క్షుణ్ణంగా చదివినవాళ్లు, ఆ వెంటనే మంత్రగాళ్లు, మంత్రగత్తెలు. వీళ్ల మధ్య అందానికేం పని? పైగా గ్లామర్, గ్రామర్ అనే రెండు మాటలకీ అక్కడ ప్రాస కుదిర్చాడు, చుట్టరికం చెవికే వినిపిస్తుంది. అంతకుముందే మరో స్కాట్లండ్ కవి అలన్ రామ్సే తన పదపట్టికలో రాశాడు: దయ్యాలో, మంత్రగాళ్లో, గారడీవాళ్లో చూపును మోసం చేస్తే, చూసేవాళ్ల కళ్లమీద గ్లామర్ వేశారంటారని. దీనికి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ఉంది, కనికట్టు. 1805లో స్కాట్లండ్ రచయిత వాల్టర్ స్కాట్ కావ్యంలో గ్లామర్ బలంతో చెరసాల గోడమీది సాలెగూడు దొరల మహలులో తెరలా కనిపిస్తుంది, కాయ డొప్ప బంగారు పడవలా కనిపిస్తుంది, ముసలితనం యవ్వనంలా కనిపిస్తుంది. స్కాట్ రచనలతోనే ఈ మాట ఇంగ్లీషులో బాగా పాకింది. సినిమా తారల గ్లామర్ 20వ శతాబ్దపు మాట.

తెలుగులోనూ ఇంతే. పాత కావ్యాల్లో ‘కంపు’ అంటే సువాసన. పూల కంపు అని కవి రాస్తే ముక్కు మూసుకుంటామా?

నేనైతే డిక్షనరీ ఆఖర్న తెరుస్తాను. ముందు ఆ మాటమీద బొటనవేలు పెట్టి మూసి, చుట్టూ ఉన్న మాటలతోనే అర్థం ఊహిస్తాను. మీరూ అలాగే చేయండి.

అభ్యాసం: ‘సాహసం’ అనే మాట ఉన్న మూడు వాక్యాలు పట్టండి. ఒకటి సంస్కృత ధర్మశాస్త్రం నుంచి, ఒకటి పాత తెలుగు కావ్యం నుంచి, ఒకటి ఈ వారం పేపర్లోంచి. ఒక్కోదానికీ అర్థం రాసి, దాన్ని పట్టిచ్చిన పక్కమాట కింద గీత గీయండి. గీత లేని జవాబు నేను చూడను.