కార్డు మిషన్ రూపాయలు చూపిస్తే వద్దనండి

బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్లి, అక్కడ విమానమెక్కి బ్యాంకాక్ చూసి వచ్చాం. మొదటి రోజే ఒక బట్టల దుకాణంలో కార్డు మిషన్ బిల్లును థాయ్‌లాండ్ డబ్బైన బాత్‌లలోనూ రూపాయల్లోనూ చూపించి ఏది కావాలని అడిగింది. మనకు తెలిసిన లెక్క కదా అని రూపాయలే నొక్కాను. గదికి వచ్చి చూసుకుంటే వెయ్యి బాత్‌లకు వంద రూపాయలకు పైగా అదనంగా పోయింది. రూపాయల్లోకి మార్చేటప్పుడు మిషన్ వాళ్లు తమకు లాభం వచ్చే రేటు వేసుకుంటారు.

ఆ తర్వాత ఎక్కడ అడిగినా బాత్‌లే నొక్కాను. ఏటీఎంలో ఇదే ప్రశ్న ‘కన్వర్షన్’ పేరుతో వస్తుంది, ‘వితవుట్ కన్వర్షన్’ ఎంచుకోవాలి. వద్దంటే డబ్బు రాదేమోనని భయం వేస్తుంది గానీ, వస్తుంది. పైగా అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాత్‌లో, అంతకంటే ఎక్కువో తీసుకుంటాయి. వెయ్యి తీసినా పది వేలు తీసినా అంతే. అందుకని మూడు నాలుగు రోజుల ఖర్చు ఒకేసారి తీసుకున్నాం.

ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టుకోండి. మా బావగారు అది మరచిపోయి రెండు రోజులు నా పర్సు మీదే తిరిగారు.

ఒక జాగ్రత్త: కొన్నిచోట్ల అమ్మేవారే మనల్ని అడగకుండా రూపాయలు నొక్కేస్తారు. పిన్ కొట్టేముందే తెర చూసి, రద్దు చేసి మళ్లీ బాత్‌లలో వేయమనాలి. కొట్టేశాక ఈ చిట్కా పనిచేయదు. విదేశీ డబ్బులో కట్టినందుకు మన బ్యాంకు వేసుకునే అదనపు రుసుము (మార్కప్) మాత్రం బాత్‌లలో కట్టినా తప్పదు. చాలా కార్డులకు అది 3.5 శాతం వరకు ఉంటుంది, దాని మీద జీఎస్టీ వేరు.