మృగశిర రాకముందే డాబా పని ముగించండి

ఎండాకాలమంతా మన డాబాకి తీరిక ఉండదు. వడియాలు, మిరపకాయలు, మామిడి ఒరుగులు ఎండేది అక్కడే. రాత్రి కరెంటు పోతే పడకలూ అక్కడే. ఇంతమంది తిరిగినా వాన నీళ్ళు పోయే తూము వైపు మాత్రం ఎవరూ చూడరు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది, జూన్ 7, 8 తేదీలకి మృగశిర వచ్చేస్తుంది. డాబా బాగుచేసుకోవడానికి ఆ రెండు వారాలే అదను. ఒక్క గట్టి వాన పడిందంటే అవే పనులు ప్రాణాల మీదకి వస్తాయి. పాకుడు జారుతుంది, తడిసిన ఇనుము షాక్ కొడుతుంది, తడి స్లాబుకి చాలా పూతలు పట్టవు.

చీపురు పట్టుకునే ముందు తలెత్తి తీగలు చూడండి. పిట్టగోడ పక్కనుంచి పోయే 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) లైను గోడకి కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండాలి, డాబా మీదుగా పోతే 3.7 మీటర్ల ఎత్తున ఉండాలి. నిబంధన అది. ఇరుకు సందుల్లో, పై అంతస్తు ముందుకు పెంచి కట్టిన ఇళ్ళల్లో ఆ దూరం కనిపించదు. ఈ లైను తగిలితేనే కాదు, మరీ దగ్గరకి వెళ్ళినా కొడుతుంది. అందుకని అటువైపు ఇనప చువ్వ, అల్యూమినియం నిచ్చెన, తూము పొడవడానికి తెచ్చిన పొడవాటి పైపు, ఏదీ నిలువుగా ఎత్తొద్దు. ఎండు కర్రే కదా అని ధీమా వద్దు. తీగ మీద గాలిపటమో చీరో చిక్కుకుంటే వదిలేయండి. తీగ బాగా కిందికి వేలాడుతుంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి చెప్పండి, లైన్‌మన్ వచ్చేదాకా పిల్లల్ని పైకి పంపొద్దు.

ఇంతకంటే తెలియకుండా ముంచేది బట్టలారేసే ఇనప తీగ. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు దానికి రాసుకుంటూ ఉంటే పై తొడుగు అరిగిపోతుంది. ఎండలో ఏమీ తెలియదు. వాన చినుకులకి తడి బట్టలు తీయబోయి చనిపోయినవాళ్ళ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ తీగ ఈ వారమే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి. ట్యాంకు మోటారుకీ, పైన లైటుకీ వెళ్ళే వైరుకి ఎక్కడైనా టేపు చుట్టి ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి.

ఇక తూము. జాలీ ఎత్తి చెయ్యి పెడితే ఏం వస్తాయో చూడండి. సంక్రాంతినాటి మాంజా ఉండ, పావురం ఈకలు, వడియాల గుడ్డ పీలిక, వీటన్నిటినీ పట్టి ఉంచిన నల్లటి మట్టి. చేతికి తొడుగు వేసుకోండి, మాంజాలో గాజుపొడి ఉంటుంది. మట్టిని లోపలికి తోయకుండా పైకి తీయాలి, తోస్తే కింద వంపులో గట్టిగా బిగుసుకుంటుంది. తర్వాత నాలుగు బకెట్ల నీళ్ళు పోసి అరగంట ఆగండి. ఎక్కడ నీళ్ళు నిలిచి ఉంటే ఆ మడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. మేస్త్రీకి మాటలతో చెప్పేకంటే ఆ గీత చూపిస్తే సరిపోతుంది. నూరు గజాల డాబా మీద అంగుళం నీళ్ళు నిలిస్తే స్లాబు మీద పడే బరువు రెండు టన్నులకు పైమాటే.

పావురాల రెట్ట ఎండుగా ఉన్నప్పుడు ఊడ్చొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. నీళ్ళు చల్లి, ముక్కుకి మాస్కు పెట్టుకుని గోకాలి. కిందటేటి పాకుడు నల్లగా ఎండిపోయి ఉంటుంది, అది చచ్చిందనుకోవద్దు, తడి తగిలితే మళ్ళీ జిగురెక్కుతుంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు చల్లి, పావుగంట నాననిచ్చి, గట్టి బ్రష్షుతో రుద్ది కడిగేయండి. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ బాత్‌రూమ్ కడిగే మందు గానీ ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది పీలిస్తే ఆరుబయట కూడా ఊపిరాడదు. విడిగానైనా యాసిడ్ వద్దు, స్లాబు పైన ఉన్న సిమెంటునే తినేస్తుంది. తూము గొట్టం ఇంకుడు గుంతకి కలిపి ఉంటే, కడిగేరోజు ఆ గొట్టాన్ని గుంత నుంచి విడదీసి నీళ్ళు కాలవలోకి వదలండి. మొదటి వాన నీళ్ళు కూడా అంతే.

పగుళ్ళ సంగతి. పిట్టగోడ స్లాబుని కలిసే మూలే ఎక్కువగా కారుతుంది, వెతకడం అక్కడ మొదలుపెట్టండి. పగులు మీద పైపైన సిమెంటు పాలు పూస్తే ఒక్క వేసవి కూడా నిలవదు. కొంచెం వెడల్పుగా చెక్కి, దుమ్ము దులిపి, సిమెంటు మాలుతో నింపి, తడుపుతూ ఉండాలి. వాటర్ ప్రూఫ్ పూత వేసేది ఆ తర్వాతే. మిట్టమధ్యాహ్నం వేయించొద్దు, పొద్దున్నే తొమ్మిదిలోపు చేయించండి, పని చేసే మనిషికీ వడదెబ్బ తప్పుతుంది. కూలికి మనిషిని పెట్టినా తీగల సంగతి, యాసిడ్ సంగతి చెప్పాల్సింది మనమే. పిట్టగోడ మీద నిలబడి పని చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ గోడ మీటరు ఎత్తుకి తక్కువైతే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, పూత కంటే ముందు గోడ ఎత్తు పెంచే ఖర్చు పెట్టుకోండి.

పై అంతస్తు ఎప్పుడో వేస్తామని వదిలేసిన చువ్వలు మన ఊళ్ళల్లో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. తుప్పు ఆ చువ్వల వెంట కిందకి పాకి పిల్లర్లో దిగుతుంది, జారిపడ్డవాళ్ళకి గుచ్చుకుంటాయి కూడా. తీగ బ్రష్షుతో తుప్పు గోకి, సిమెంటు పాలు పట్టించి, పైన పల్చటి కాంక్రీటుతో కప్పించండి. గోడలో రావి మొక్క మొలిస్తే పైన తుంచొద్దు. గచ్చు చెక్కి వేరుతో సహా తీయాలి, లేకపోతే మళ్ళీ చిగురిస్తుంది.

పూలకుండీలు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, కింద నీళ్ళు పోవాలి. పాత టైరు, కొబ్బరి చిప్ప, పగిలిన బకెట్ దించేయండి. డెంగ్యూ దోమ గుడ్లు నీళ్ళు ఎండిపోయినా గిన్నె అంచుకి అంటుకుని నెలల తరబడి బతుకుతాయి, వంపేస్తే చాలదు, రుద్ది కడగాలి. ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో చూడండి.

కోస్తా వాళ్ళకి అక్టోబరు, నవంబరుల్లో ఇంకోసారి పని ఉంటుంది. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. తుపాను హెచ్చరిక రాగానే కుండీలు, విడి రేకులు, పలకలు కిందకి దించాలి. ప్లాస్టిక్ ట్యాంకుని ఖాళీగా ఉంచొద్దు, నిండా నింపితే బరువుకి కదలదు, కరెంటు లేని రోజులకి నీళ్ళూ ఉంటాయి. గాలి మొదలయ్యాక, ఉరుము వినిపించాక, పైన ఏది మిగిలిపోయినా దానికోసం మళ్ళీ మెట్లు ఎక్కొద్దు.