పిల్లల వ్యాసాలు చప్పగా ఉంటే లోపం ఎక్కడుంది?

కర్నూలులో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. ఉన్నదున్నట్టు రాస్తూనే చదివించేలా రాయడం నేర్పేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: అన్ని నోటుబుక్కుల్లోనూ మొదటి వాక్యం ఒకటే
"కొండారెడ్డి బురుజు కర్నూలు నగరంలోని చారిత్రక కట్టడం."
కారణం: గైడులోది దించారు. రోజూ బురుజు పక్కనుంచే బడికొస్తారు గానీ, చూడటం కూడా ఒక పనేనని వాళ్లకెవరూ చెప్పలేదు.
పరిష్కారం: అక్కడికే తీసుకెళ్లండి. పావుగంట మాట్లాడకుండా చూసి పది సంగతులు రాయమనండి. మొదటి నాలుగూ అందరివీ ఒకేలా ఉంటాయి. ఏడో ఎనిమిదో సంగతి దగ్గర ఎవరి చూపు వారిదవుతుంది. వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టించండి.

సమస్య: తేదీలున్నాయి, ప్రాణం లేదు
"1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది." తప్పేమీ లేదు, మనసుకు మాత్రం పట్టదు.
కారణం: ఆ వాక్యంలో మనుషులు లేరు.
పరిష్కారం: తేదీ వచ్చిన ప్రతిచోటా "అప్పుడు జనం ఎట్లా ఉన్నారు?" అని అడిగించండి. కట్టడాలు చాలక ఆఫీసులు డేరాల్లో నడిపారని చెప్పగానే, "మన ఎండలకు డేరాల్లో ఎట్లా కూర్చున్నారు సార్?" అన్నాడొకడు. వాడి వ్యాసానికి అదే మొదటి వాక్యమైంది.

ఇంట్లోవాళ్లను అడిగించడం ఇంకా మేలు. 2009 అక్టోబర్ వరద నాటికి ఈ పిల్లలు పుట్టనే లేదు. "వరదలో ఏమైంది?" అని అడిగితే పెద్దలు "ఏముంది, నీళ్లొచ్చె, పాయె" అంటారు. అడిగే తీరు మార్చాలి. "నీళ్లు ఎంతవరకొచ్చినాయో గోడ మీద చూపించు. మిద్దె మీదికి మొదట ఏం మోసుకపోతివి?" అని అడగాలి. ఒకమ్మాయి వాళ్ల అవ్వ మొదట మోసింది కుట్టుమిషనట. "అన్నం ఎవరన్నా పెడతారు, మిషనెవరిస్తారు?" అందట. ఆ మాట చదివినప్పుడు తరగతిలో చప్పుడు లేదు.

సమస్య: ఆసక్తిగా రాయమంటే కల్పించి రాస్తారు
కారణం: చదివించేది కథేనని, కథంటే అల్లడమేనని వాళ్ల నమ్మకం.
పరిష్కారం: ప్రతి సంగతి పక్కనా మార్జిన్లో చూసిందా, విన్నదా, చదివిందా రాయించండి. మూడింట్లో ఏదీ కాకపోతే ఆ వాక్యం కొట్టేయాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

సమస్య: నోట 'బొరుగులు', రాతలో 'మరమరాలు'
కారణం మన ఎర్రపెన్నే. "బొరుగులు నీళ్లలో ముంచి, నానీ నానకముందే పిండి, తిరగవాతలో వేసి, పైన పుట్నాలపొడి చల్లుతుంది మాయమ్మ" అని ఉగ్గాని గురించి నోరూరేలా చెప్పిన పిల్లవాడు, కాగితం మీద "రుచికరమైన అల్పాహారము" అని రాశాడు. ముందు చెప్పించండి, పక్కవాడు రాసుకోవాలి. ఆ తర్వాత అక్షరదోషాలు దిద్దండి, మాటలు మాత్రం మార్చొద్దు.

సమస్య: చివర "కావున మనమందరమూ..."
ఇది మార్కుల కోసం పడిన అలవాటు. ఆఖరి పేరాను చేత్తో మూసి, మిగతాది పైకి చదవమనండి. లోటేమీ తెలియకపోతే వాళ్లే కొట్టేస్తారు.