ముసురుకూ బెట్టకూ మధ్య పశుగ్రాస జొన్నను తెగుళ్ల నుంచి కాపాడుకోవడం ఎలా?

విశాఖ చుట్టూ ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఖరీఫ్ జొన్న గడ్డికి అసలు చిక్కు వాన తీరుతోనే. వేడెక్కిన గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది, కురిస్తే ఒక్కసారిగా కుమ్మేస్తుంది. వారాల తరబడి బెట్ట, ఆపైన అల్పపీడనం పట్టి రోజుల తరబడి ముసురు. బెట్టకో తెగులు, తడికో తెగులు.

1. విత్తడం
బహుకోత రకాలకు ఎకరాకు 10-12 కిలోల విత్తనం, వరసల మధ్య 30 సెంటీమీటర్లు. ఎక్కువ చల్లితే గడ్డి ఎక్కువొస్తుందన్నది భ్రమ. ఒత్తు మడిలో ఆకుతడి త్వరగా ఆరదు, శిలీంద్రానికి కావలసిందే అది. కిలో విత్తనానికి 3 గ్రాముల థైరం గానీ, 10 గ్రాముల ట్రైకోడెర్మా గానీ పట్టించండి. రెండూ కలపొద్దు: ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే, థైరం దాన్నీ చంపుతుంది. మందు పట్టించిన విత్తనం మిగిలితే పశువులకు పెట్టొద్దు.

2. నీరు
పల్లపు వైపు మురుగు కాలువ ముందే తీసుంచాలి. బెట్టలో ఒక్క తడి ఇవ్వగలిగితే పూత సమయానికి ఇవ్వండి.

3. గుర్తుపట్టడం
వారానికి రెండుసార్లు కింది ఆకులు తిప్పి చూడండి. ఎర్రటి అంచున్న చిన్న మచ్చ, దాని మధ్యలో నల్లటి చుక్కలు ఉంటే ఆంత్రాక్నోస్. రెండు కొసలూ సన్నగా, పొడవుగా ఎండిన మచ్చలు ఆకు ఎండు తెగులు. ఇవి తడికి వచ్చేవి. బెట్టలో మొక్క మొదలు దగ్గర విరిగి పడిపోతుంటే కాండం చీల్చండి: లోపల పీచు విడిపోయి, మిరియాల పొడి చల్లినట్టు నల్లగా ఉంటే మసికుళ్లు.

4. కోయాలా, ఆగాలా?
మచ్చలు పై ఆకులకు ఎక్కుతుంటే పిచికారీ కన్నా కోతే మేలు. త్వరలో పశువు నోటికి వెళ్లే మేత మీద మందు కొట్టడం తెలివైన పని కాదు. కానీ లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది. వాన పడగానే మొదలు నుంచి వచ్చే కొత్త పిలకలు మరీ ప్రమాదం. తెగులు తొందరపెడుతుంది, విషం ఆగమంటుంది.

బెట్ట తగలని పైరైతే, సగం పూతకొచ్చాక నిశ్చింతగా కోయండి. బెట్ట తగిలి ఉంటే మాత్రం, వాన పడ్డాక రెండు వారాలు ఆగండి. ఆగేంత వ్యవధి లేకపోతే కోసి పాతర వేయండి (గడ్డిని ముక్కలు చేసి గాలి తగలకుండా నిల్వ చేయడం), పచ్చిగా మాత్రం మేపొద్దు. పైరు వెలవెలబోయిందని అప్పుడే యూరియా గుప్పిస్తే విషమూ పెరుగుతుంది, తెగులూ పెరుగుతుంది.

5. కోశాక
రాలిన తెగులు ఆకులు మడిలో వదలొద్దు. మరుసటి పంటగా అలసంద వేస్తే ఆకుమచ్చలు తగ్గుతాయి. మసికుళ్లు శిలీంద్రం అలసందకూ పడుతుంది కాబట్టి అది వచ్చిన మడికి పంట మార్పిడి కన్నా పశువుల ఎరువు, నేలలో పదును ముఖ్యం.

6. పాతర
ముసురులో గడ్డి ఆరదు, కాబట్టి పాతరే దిక్కు. 2-3 సెంటీమీటర్ల ముక్కలు చేసి గుప్పిట బిగించండి. నీళ్లు కారితే గడ్డి ఇంకా వాడిపోవాలి, గుప్పిట తెరిచాక ముద్ద మెల్లగా విడితే సరిపోయింది. గాలి లేకుండా తొక్కి, పాలిథీన్ కప్పి 45 రోజులు ఉంచండి. తెరిచినప్పుడు బూజు పట్టిన పొర ఉంటే పారేయాలి. దాణాలో కలిపి సర్దేయొద్దు, కొన్ని బూజుల విషం పాలలోకి దిగుతుంది.